టర్బైన్ వచ్చిన వార్త చదివాం, తిరిగిన వార్త ఎవరు చదివారు?

2008 ఆగస్టు నెలాఖరులో అఫ్గానిస్తాన్‌లోని కజకి డ్యామ్‌కు కరెంటు పుట్టించే ఒక టర్బైన్ బయల్దేరింది. బరువు 220 టన్నులు. ముక్కలుగా విడదీసి లారీలకెక్కించారు, చుట్టూ వేల మంది సైనికులు, అందులో బ్రిటిష్ వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తాలిబన్లు కాపు కాసిన దారిలో అది డ్యామ్ దాకా చేరడం మామూలు విషయం కాదు, బ్రిటన్ పత్రికలూ దాన్ని గొప్ప సాహసంగానే రాశాయి. ఆ తర్వాత ఏమైంది? బిగించడానికి సిమెంటు కావాలి, సిమెంటు రావడానికి దారి సేఫ్‌గా లేదు, దాంతో పని ఆగింది. టర్బైన్ భాగాలు డ్యామ్ దగ్గరే ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. చివరికి అది నడిచింది 2016లో.

మొదటి వార్తలో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ రోజు పేపర్ చదివి పక్కన పెట్టినవాడి లెక్కలో ఆ టర్బైన్ 2008 నుంచే తిరుగుతోంది. యుద్ధం తర్వాత దేశాన్ని మళ్లీ కట్టుకోవడం మీద వచ్చే వార్తల్లో నాకు కనిపించే అసలు జబ్బు ఇదే. ప్రారంభోత్సవానికి వెళ్లిన విలేకరి ఏడాది తర్వాత మళ్లీ ఆ ఊరు పోడు. పెళ్లి ఫోటోలు చూసి కాపురం ఎలా ఉందో చెప్పినట్టుంటుంది.

ప్రభుత్వాల ఫిర్యాదు మాత్రం వేరే. బాంబు పేలితే చూపిస్తారు, బడి కడితే చూపించరు అంటాయి. ఇరాక్ యుద్ధం విషయంలో అమెరికాలో బుష్ ప్రభుత్వం ఇదే పాట పాడింది. అందులో కొంత నిజం లేకపోలేదు, పేలుడుకు విజువల్ ఉంటుంది, కుళాయిలో నీళ్లొస్తే విజువల్ ఏముంటుంది? కానీ 2005 నాటి ఇరాక్‌లో ఆ కొత్త బడిని చూసొద్దామని బయల్దేరిన విలేకరి ప్రాణాలతో తిరిగొస్తాడన్న నమ్మకమే లేదు. ఆ యుద్ధంలో చనిపోయిన జర్నలిస్టుల్లో ఎక్కువ మంది ఇరాకీలే, అంటే ఆ ఊళ్లు, ఆ భాష తెలిసిన వాళ్లే.

అదే ఏడాది నవంబర్‌లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఒక సంగతి బయటపెట్టింది. అమెరికా సైన్యం వాళ్లు రాసిన కథనాలను లింకన్ గ్రూప్ అనే కంపెనీ అరబిక్‌లోకి మార్పించి, డబ్బులిచ్చి బాగ్దాద్ పత్రికల్లో మామూలు వార్తల్లా వేయించింది. పెయిడ్ న్యూస్ అంటే ఏంటో ఎలక్షన్ టైంలో మన జిల్లా పేజీలు చూసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. లింకన్ గ్రూప్ వేయించిన కథనాల్లో ఒకదాని సారాంశం, ఇరాక్ అభివృద్ధికి ఇంకా ఎక్కువ డబ్బులొస్తున్నాయని. డబ్బు రావడమే ప్రగతి అన్నమాట!

ఖర్చును ప్రగతిగా చూపడం ఎంత మోసమో ఫల్లూజాలో తెలిసింది. ఊరంతటికీ మురుగునీటి వ్యవస్థ అని 2004లో సుమారు 3.25 కోట్ల డాలర్లతో మొదలుపెట్టారు, చూస్తుండగానే అది 10 కోట్ల డాలర్లకు చేరింది, అంత పెట్టినా కనెక్షన్ దొరికింది ఊళ్లో కొంత భాగానికే. ఈ సంగతి తవ్వింది ఇరాక్ పునర్నిర్మాణ ఖర్చుల మీద అమెరికానే పెట్టుకున్న ఆడిట్ ఆఫీసు. అఫ్గానిస్తాన్‌కూ అలాంటిదే ఒకటి పెట్టారు, 2021 ఆగస్టులో అది ఇచ్చిన రిపోర్టు ప్రకారం అక్కడ పునర్నిర్మాణానికి పోసింది దాదాపు 14,500 కోట్ల డాలర్లు, ఇప్పటి రేటులో 12 లక్షల కోట్ల రూపాయల పైమాటే. ఈ ఆడిటర్లు గొప్ప రచయితలేం కాదు. కట్టినదాని దగ్గరికి మళ్లీ పోయి, నడుస్తోందా, ఎవరు వాడుతున్నారు, రిపేర్ ఎవరు చేస్తారు అని అడిగారు, అంతే.

ఇది దూరదేశాల రోగం మాత్రమే అనుకుంటే పొరపాటు. మన పక్కన భూపాలపల్లి జిల్లాలో మేడిగడ్డ బరాజ్ 2019 జూన్ 21న ప్రారంభమైనప్పుడు టీవీల్లో ఎన్ని డ్రోన్ షాట్లు చూశామో గుర్తుందా? 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగాక గానీ చాలా చానళ్లకు అక్కడి కాంక్రీట్ గురించి ప్రశ్నలు పుట్టలేదు. యుద్ధం జరగని చోట, వరంగల్ నుంచి పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే దూరంలోనే ఇట్లుంటే, అఫ్గానిస్తాన్‌లోని కాందహార్ సంగతి అడగాలా?

ఇక తెలుగు పత్రికల అంతర్జాతీయం పేజీ. పెద్ద యాడ్ పడితే ముందు ఎగిరిపోయేది అదే. మిగిలిన జాగాలో ఏజెన్సీ కాపీ తర్జుమా. అఫ్గానిస్తాన్‌లో భారత్ 218 కిలోమీటర్ల జరంజ్–డెలారం రోడ్డు వేసింది, హెరాత్ దగ్గర 42 మెగావాట్ల సల్మా డ్యామ్ కట్టింది, కాబూల్‌లో పార్లమెంట్ భవనం కట్టింది. ప్రారంభోత్సవాలకు ప్రధాని వెళ్లారు కాబట్టి డ్యామ్, పార్లమెంట్ ఫోటోలు మనకు చేరాయి. 2021లో తాలిబన్లు తిరిగొచ్చాక ఆ రోడ్డు మీద ఎవరి లారీలు తిరుగుతున్నాయి, ఆ కరెంటు ఎవరి ఇంటికి పోతోంది అనే కథనం తెలుగులో నా కంటబడలేదు. మన పన్నుల డబ్బు కదా, అడిగే హక్కు మనకూ ఉంది.

చిత్రమేమిటంటే ఇరాక్ గురించి మనకు ఏజెన్సీలకన్నా దగ్గరి మనుషులున్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి బాకీలు చేసి, ఏజెంట్‌కు లక్షలు కట్టి ఎర్బిల్‌కో బస్రాకో పోయినవాళ్లు. ఇటుక మోసేది, హోటల్ ఊడ్చేది వాళ్లే. జీతం టైంకు పడుతోందా, ఎండాకాలంలో కరెంటు ఎన్ని గంటలు ఉంటోంది, కడుతున్న బిల్డింగ్ పని మధ్యలో ఎందుకు ఆగింది, ఇవన్నీ వాళ్లకు తెలుసు. మన మీడియా మాత్రం వాళ్లను రెండే రెండు సందర్భాల్లో చూస్తుంది: ఇరుక్కుపోయి కాపాడండన్నా అని వీడియో పెట్టినప్పుడు, లేదంటే శవపేటిక శంషాబాద్‌లో దిగినప్పుడు.

ఉక్రెయిన్‌ను మళ్లీ నిలబెట్టడానికి పదేళ్లలో 52,400 కోట్ల డాలర్లు కావాలని 2025 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి వాళ్లు లెక్కగట్టారు, అదే నెలలో గాజాకు 5,300 కోట్ల డాలర్లన్నారు. రేపు ఆ పనులకు కూలీలు కావాలంటే ఏజెంట్లు మన ఊళ్లకు రారని ఏముంది? అప్పుడైనా డెస్కులో కూర్చున్నవాళ్లు ప్రారంభోత్సవం కాపీతో పాటు అక్కడి క్యాంపులో ఉన్న మనవాడికి ఒక వాట్సాప్ కాల్ కొట్టాలి, ఆర్నెల్లకోసారి మళ్లీ కొట్టాలి. నంబర్ కోసం వెతకక్కర్లేదు, మండల కంట్రిబ్యూటర్‌ను అడిగితే చాలు, వాళ్ల ఇంటి గల్లీ కూడా చెప్తాడు.