ఘర్షణ గుణకం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఘర్షణ గుణకం గారికి,
రెండు తలాల మధ్య పట్టు ఎంతో చెప్పే అంకె,
ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రం, గమన నియమాల పాఠం.

నమస్కారములు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు తమరు తప్పక వస్తారని అచ్చులో చూసి నమ్మాము. తనిఖీ బృందం వచ్చింది. ప్రిన్సిపాల్ గారు వచ్చారు. శాలువాలు వచ్చాయి, జీడిపప్పు ప్లేట్లు వచ్చాయి. తమరు మాత్రం రాలేదు.

జరిగినది తమకు తెలియనిది కాదు. అయినా కాగితం మీద ఉండాలి కనుక రాస్తున్నాను. స్తంభాలెక్కే మా చిన్న రోబో, నలుగురు విద్యార్థులు ఎనిమిది నెలలు నిద్ర చెడగొట్టుకుని చేసినది, కళాశాల గేటు పక్కన ఉన్న వీధిదీపం స్తంభం మీద నాలుగడుగులు ఎక్కింది. ఎక్కి, ఒక్క క్షణం ఆగింది. ఆ తరువాత చక్రాలు పైకే తిరుగుతుండగా తాను మాత్రం కిందికి వచ్చింది. బృందంలో ఒకాయన చప్పట్లు కూడా కొట్టారు. దిగడం ప్రదర్శనలో రెండో భాగం అనుకున్నారట. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

లెక్కలో తప్పు ఉందని తమరు అనవచ్చు. లేదు. రోబో బరువు 2.4 కిలోలు, అంటే 24 న్యూటన్లు. స్తంభానికి అటొకటి ఇటొకటి రబ్బరు చక్రం, రెండింటికీ మోటార్లు, రెండింటినీ లోపలికి నొక్కే స్ప్రింగులు. ఆ నొక్కుడు రెండు పక్కలా కలిపి 60 న్యూటన్లు. పొడి రబ్బరుకు తమరు పాఠంలోని పట్టికలో 0.6 అని రాసి ఇచ్చి ఉన్నారు. అరవైని 0.6తో గుణిస్తే 36. ఇరవై నాలుగు మోయాల్సిన చోట ముప్పై ఆరు! ఇంత మిగులు బడ్జెట్టు నా ఇంట్లో ఎన్నడూ చూడలేదు. ప్రయోగశాలలో నిలబెట్టిన పీవీసీ పైపు మీద నలభై సార్లు ఎక్కించాం. నలభై సార్లూ తమరు హాజరు. పరీక్షకు ముందు రోజు వరకు అన్నీ అప్పచెప్పి, పరీక్ష హాలులో తెల్లమొహం వేసే పిల్లవాడిలా చేశారు.

కారణం తరువాత తెలిసింది. అతిథులు వస్తున్నారని గేటు పక్క స్తంభానికి బుధవారం నాడు వెండిరంగు వేయించారు. ఎవరు వేయించారో నేను అడగను. నా జీతం బిల్లు మీద కూడా ఆ సంతకమే ఉంటుంది. ఆ రంగు సంగతి చెయ్యి ఆనించిన వారికి తెలుసు. ఆరిన తరువాత కూడా అరచేతికి అంటుకుంటుంది. కింద పడ్డ రోబోను ఎత్తి చూస్తే రెండు చక్రాలూ కొత్త కుంకుమ భరిణెల్లా మెరుస్తున్నాయి. రబ్బరు మీది గాడులన్నీ వెండి పొడితో పూడిపోయాయి. గోటితో గీకితే సన్నని పొరలుగా ఊడి వచ్చింది, చిన్నప్పుడు మిఠాయి మీద వెండి రేకు ఒలిచినట్టు.

శనివారం కూర్చుని కొలిచాను. అదే రంగు పూసిన రేకు, దాని మీద అడుగున రబ్బరు అంటించిన కిలో దిమ్మ, చేతిలో స్ప్రింగు త్రాసు. మెల్లగా లాగితే పావుకిలో దగ్గర దిమ్మ కదిలింది. అంటే 0.25. అరవైలో పావు పదిహేను. ఇరవై నాలుగు మోయాల్సిన చోట పదిహేను.

కాబట్టి అసలు తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను. తమరు ఏ ఒక్క వస్తువు సొత్తూ కారు, జంటకు చెందిన వారు. నేను రబ్బరు జాతకం ఒక్కటే చూసి ముహూర్తం పెట్టేశాను. ఎదుటి వైపు వారి జాతకం అడగలేదు. రబ్బరుకూ పీవీసీ పైపుకూ పొంతన కుదిరిందని, రబ్బరుకూ వెండిరంగుకూ కుదురుతుందని ఎవరు చెప్పారు? మరి ఆ మాట పట్టిక కింద ఒక వరుస రాయడానికి చోటు లేకపోయిందా తమకు?

ఇతర దోషులను కూడా ఇక్కడే ప్రస్తావించి వదిలేస్తాను. పది కిలో-సెంటీమీటర్ల తిప్పుడు బలం ఉన్న మోటారు అని అమ్మి ఆరు కూడా ఇవ్వని అంగడివాడు ఒకడు. మాకు కావాల్సింది ఎంత? 2.4 కిలోలు, చక్రం వ్యాసార్థం 3 సెంటీమీటర్లు, గుణిస్తే 7.2. అదైనా రెండు మోటార్ల మీద పంచుకునేది. కింద లావు, పైన సన్నం ఉండి స్ప్రింగుల్ని పైకి పోయేకొద్దీ వదులు చేసే స్తంభం ఒకటి. ‘దీని బదులు నిచ్చెన వాడకూడదా?’ అని అడిగిన తనిఖీ సభ్యుడు ఒకరు. ఆయనకు నా దగ్గర సమాధానం ఉంది, కానీ జీడిపప్పు ఆయన నోట్లో ఉండగా చెప్పడం మర్యాద కాదనుకున్నాను.

వారందరూ చిల్లర. తమ సంగతి వేరు. తమ సంతకం లేకుండా ఏ ఫైలూ కదలదు. ఇనుప స్తంభమే కదా, అయస్కాంతాలు పెడదామని ఒక విద్యార్థి అన్నాడు. పెట్టవచ్చు. అయస్కాంతం రోబోను స్తంభం వైపు లాగి పెడుతుంది. అది జారకుండా నిలవాలంటే మళ్లీ తమ దగ్గరికే రావాలి. గాలి పీల్చి అంటుకునే కప్పులు పెడదామని ఒక అమ్మాయి అన్నది. అక్కడా అదే. అడ్డంగా ఎంత నొక్కినా, నిలువుగా పట్టేది తమరే. చక్రాలు వెడల్పు చేద్దాం అన్నారు. 1699లోనే ఫ్రాన్సులో అమాంటన్స్ అనే శాస్త్రవేత్త తేల్చేశాడు, తమరు బరువును చూస్తారు తప్ప వైశాల్యాన్ని చూడరని. రబ్బరు ఆ నియమాన్ని పూర్తిగా పాటించదని తరువాతి వారు చెప్పారు, నిజమే, కానీ వెండి పొడి కప్పిన రబ్బరు పాటించినా పాటించకపోయినా ఒకటే.

తమను నమ్ముకోని వారు బాగుపడ్డారు. అమెరికాలో బోస్టన్ డైనమిక్స్ వారి రైజ్ అనే నాలుగు కాళ్ల రోబో ఉంది. 5.4 కిలోలు. 2009లో దాని గురించి అచ్చు వేశారు, స్తంభం మీద సెకనుకు 21 సెంటీమీటర్ల వేగంతో ఎక్కిందని. అక్కడి స్తంభాలు కొయ్యవి. సూదిమొనల్లాంటి గోళ్లు గుచ్చుకుంటూ పోయింది. మా కాంక్రీటులో, మా ఇనుములో ఏ గోరు దిగుతుంది? మేము తమ గడపే పట్టుకు వేలాడాలి.

పైగా ఒక మాట అడుగుతాను. తెలుగు పత్రికల్లో తమ పేరు లేని రోజు ఉందా? రెండు వర్గాల మధ్య ఘర్షణ. పొలం గట్టు దగ్గర ఘర్షణ. ఊరేగింపులో ఘర్షణ. ఇద్దరు మనుషులు ఎదురైతే చాలు, పిలవకుండా వచ్చి కూర్చుంటారు. చక్రానికీ స్తంభానికీ మధ్య ఒక్క మధ్యాహ్నం, ఒక్క పావుగంట ఉండమంటే తీరిక లేదు. మా తలుపు బందుల్లో ఉన్నారు. నా స్కూటరు బ్రేకు తీగలో ఉన్నారు. చేద తాడు లాగితే అరచెయ్యి కాలేంత ఉన్నారు. వానాకాలం పాచి పట్టిన మెట్ల మీద మాత్రం ఉండరు. మా పెద్దమ్మ నడుము అక్కడే పోయింది.

అన్నిటికంటే నాకు పోనిది ఇది. పాఠంలో ఉంది, ఏటా నేనే చెబుతాను, పిల్లలు రాసుకుంటారు: స్థైతిక ఘర్షణ కన్నా గతిక ఘర్షణ తక్కువ. అంటే ఏమిటి? నిలబడ్డవాడిని పట్టుకుంటావు. జారడం మొదలుపెట్టిన వాడిని ఇంకాస్త వదిలేస్తావు. సరిగ్గా నీ అవసరం పెరిగిన క్షణాన చెయ్యి వెనక్కి తీసుకుంటావు. నాలుగడుగుల దగ్గర అది ఆగిన ఆ ఒక్క క్షణం నేను చూశాను. నువ్వు వదిలేయడం కళ్లారా చూశాను. ఆ అమ్మాయి రెండు చేతులూ చాచి కింద నిలబడింది, పట్టుకోలేకపోయింది. చక్రం మోకాలికి కొట్టుకుని రక్తం వచ్చింది. ‘సార్, బ్యాటరీకి ఏమీ కాలేదు’ అని నవ్వింది. నీకు సిగ్గుందా?

క్షమించాలి. తమరు అని మొదలుపెట్టినవాడిని, తమరు అనే ముగిస్తాను.

సోమవారం మా అటెండరు గది ఊడుస్తూ ఒక మాట అన్నాడు. వాళ్ల నాన్న గీత కార్మికుడు. నలభై ఏళ్లు తాటిచెట్లెక్కిన మనిషి. ‘మీది స్తంభాన్ని కౌగిలించుకుంటోంది సార్. మా నాన్న చెట్టును కౌగిలించుకోడు. నడుముకు మోకు వేసి వెనక్కి వాలతాడు. ఎంత వాలితే అంత పట్టు.’ చెప్పి చీపురు పట్టుకుని వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలుగా ఈ మనిషి ఇదే గది ఊడుస్తున్నాడు. ఎందుకు ముందు చెప్పలేదని అడిగితే, ‘మీరు అడగలేదు కదా’ అన్నాడు.

వెంటనే కాగితం తీశాను. స్ప్రింగులు తీసేస్తాం. పై చక్రం స్తంభానికి అవతల, కింది చక్రం ఇవతల, రెండింటి మధ్య ఎత్తు తేడా 12 సెంటీమీటర్లు. గరిమనాభిని, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువును, స్తంభం మధ్య నుంచి బయటకు జరుపుతాం. రోబో తన బరువుతో తానే వెనక్కి వాలి, రెండు చక్రాలనూ స్తంభానికి అదుముతుంది. ఎంత బయటకు? ఆ 12ను తమ విలువకు రెండింతలతో భాగిస్తే చాలు. తమరు 0.25 అయినా, ఆ దూరం 24 సెంటీమీటర్లు. లెక్కలో బరువు రెండు పక్కలా కొట్టుకుపోయింది. బరువు రెండింతలైతే పట్టు కూడా రెండింతలు. స్తంభం సన్నబడినా దిగులు లేదు. తమరు ఎంత పిసినారి అయినా సరే, చెయ్యి కొంచెం చాచితే సరిపోతుంది. కోపంగా ఉన్న నాకు కూడా ఆ లెక్క చూస్తే నవ్వు వచ్చింది. మోకు వేసుకున్న ప్రతి మనిషీ ఈ లెక్కను రోజూ తన నడుముతో చేస్తున్నాడు.

గుంజకు పలుపు చుట్టిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. మా ఊళ్లో ఎద్దు గింజుకుంటే తాత తాడును గుంజకు రెండు చుట్లు తిప్పి, కొసను ఏడేళ్ల నా చేతికి ఇచ్చి లోపలికి పోయేవాడు. తమరు 0.3 మాత్రమే అనుకున్నా, రెండు చుట్లకు నా పట్టు నలభై రెట్లు. అప్పుడు తమ పేరు నాకు తెలియదు. అయినా పట్టుకున్నారు.

మంగళవారం సాయంత్రం బ్యాటరీని రోబో బయటకు చాచిన చేతికొసకు మార్చి, చాలదని అర కిలో ఇనుప ముక్క కూడా కట్టాము. పైకెక్కాల్సిన దానికి బరువు తగిలిస్తున్నారని చూసినవాళ్లు నవ్వారు. మోటార్లకు వర్మ్ గేర్లు వేశాము, కరెంటు పోయినా వెనక్కి తిరగకుండా. అదే వెండిరంగు, అదే స్తంభం. నాలుగడుగులు దాటింది. ఎనిమిది దాటింది. పదహారు అడుగుల ఎత్తున దీపం కొమ్మ కిందికి చేరి, ఆగింది.

ఇప్పటికీ అక్కడే ఉంది.

పగలంతా పిల్లలు ఆడించడంతో బ్యాటరీ అయిపోయింది. వర్మ్ గేరు వెనక్కి తిరగదు. తమరు వదలరు. గడకర్రతో పొడిచాం, కిందికి లాగాం. లాగినకొద్దీ ఇంకా బిగుస్తోంది, లెక్క ప్రకారమే. ఈ ఉదయం ఒక కాకి వచ్చి సరిగ్గా ఇనుప ముక్క మీద వాలింది. వెంట్రుకవాసి కూడా జారలేదు. తనిఖీ బృందం నిన్న రాత్రి రైలుకు వెళ్లిపోయింది.

రేపు ఉదయం పదింటికి నిచ్చెన తెప్పిస్తున్నాము. అటెండరు ఎక్కుతానన్నాడు. స్తంభం చుట్టూ నున్నటి బండలు పరిచి ఉన్నాయి, అవి కూడా అతిథుల కోసమే. నిచ్చెన కాళ్లకు గోనెసంచి చుట్టి, నేను కింద పట్టుకుని నిలబడతాను. పైన తమరు ఏమి చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. గోనెసంచికీ బండకూ మధ్య మాత్రం, ఒక్క పది నిమిషాలు, దయచేసి ఉండండి.

ఇట్లు,
తమ విధేయుడు,
యంత్రశాస్త్ర అధ్యాపకుడు