మేనమామ చెల్లుతాడా?

శుభలేఖలో ఎవరి పేరు ఎవరి తర్వాత రావాలన్న పోరుకు శాశ్వత పరిష్కారం దొరికిందని తెలుగు కుటుంబాలకు సవినయంగా మనవి చేస్తున్నాను. దాని పేరు డీటీడీ: పత్రంలో ఏ ముక్క ఏ వరుసలో రావాలో రాసిపెట్టే నియమావళి. చిక్కడపల్లిలో శుభలేఖల పేజీలు పెట్టి బతికే నాకు ఇది ఇన్నాళ్లూ తట్టకపోవడం సిగ్గుచేటు. డీటీడీ పనిచేసే ఎక్స్‌ఎంఎల్, అంటే సమాచారంలోని ప్రతి ముక్కకూ ట్యాగు అనే పేరుచీటీ తగిలించే పద్ధతి, 1998 ఫిబ్రవరి 10నే ప్రమాణమైంది. ఆనాటి నుంచి ఎన్ని పెళ్లిళ్లలో ఎందరు అలిగారో!

నేను పేజీలు పెట్టే సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్‌లో పేజీ పక్కన స్ట్రక్చర్ అనే పట్టీ ఉంటుంది. పేజీలోని ముక్కలకు ట్యాగులు తగిలిస్తే అవి అక్కడ వంశవృక్షంలా కొమ్మలు వేస్తాయి. ఎవరు ఎవరి తర్వాత, ఎవరు తప్పనిసరి అన్నది డీటీడీ చెబుతుంది. పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంటే ఒకరు రావచ్చు, రాకపోనూవచ్చు. ప్లస్ ఉంటే ఒకరైనా ఉండి తీరాలి, ఆపైన ఎందరైనా సరే. 'ఆహ్వానించువారు' పక్కన ప్లస్ పెట్టని తెలుగువాడు పుట్టలేదు. ట్యాగు పేరులో ఖాళీ ఉండకూడదు కనుక మాటలన్నీ అతుక్కునే ఉండాలి. ఉమ్మడి కుటుంబం ఇక అక్కడే మిగిలింది.

మా అన్నయ్య కూతురి పెళ్లికి ఈ శాస్త్రాన్ని ప్రయోగించాను. శ్రీరస్తు నుంచి 'బంధుమిత్రుల అభినందనలతో' వరకు ట్యాగులు వేసి, అంతా డీటీడీ ప్రకారమే ఉందా అని సరిచూసే వాలిడేట్ నొక్కాను. మేనమామ ఎర్రబడ్డాడు. నేను ప్రశ్నార్థకం పెట్టాను, వదినగారికేమో ఇద్దరు తమ్ముళ్లు. తప్పు చూపి ఊరుకోకుండా సాఫ్ట్‌వేరు కింద ఉపాయమూ చెప్పింది: రెండో ఆయనను తొలగించండి. వదినగారు నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు. ప్రశ్నార్థకాన్ని నక్షత్రంగా (ఎవరూ లేకున్నా సరే, ఎందరున్నా సరే) మార్చి, పాత డీటీడీ తీసి కొత్తది ఎక్కించాను. మేనమామలిద్దరూ చెల్లిపోయారు. రాజ్యాంగ సవరణకు ఇంత తక్కువ సమయం ఎక్కడా పట్టదు.

ఈ పరీక్షకుడి నిష్పాక్షికత మెచ్చదగినది. వరుడి ట్యాగులో వధువు పేరు పడినా, ముహూర్తం దగ్గర 'చూద్దాం' అని ఉన్నా కిక్కురుమనదు. పెట్టె ఉందా, వరుసలో ఉందా, అంతే దాని పట్టింపు. మన కార్యాలయాల్లో దరఖాస్తులు సరిచూసేవారు దీన్ని చూసి గర్వపడాలి.

అసలు సౌకర్యం ఆట్రిబ్యూట్లది. ట్యాగుకు మన టిప్పణి జోడించవచ్చు, అది పేజీ మీద కనిపించదు. నేను డీటీడీలో 'అలక' అని ఒకటి ప్రకటించి, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడే విలువలు అనుమతించాను. బంధువులందరికీ నిజాయితీగా నింపాను. మళ్లీ వాలిడేట్ చేస్తే ఒక్క తప్పూ లేదు. కార్డు అందంగా అచ్చయింది.

పేజీ మీద కనిపించనిది ఫైల్లోనూ ఉండదని నేను అనుకోవడమే జరిగింది. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే అన్నయ్య కొడుకు ఆ కార్డు నుంచి తీసిన ఎక్స్‌ఎంఎల్ ఫైలుతోనే పెళ్లి వెబ్‌సైటు కట్టాడు. ఉన్న సమాచారమంతా చూపించాడు, పిల్లవాడు శ్రద్ధగలవాడు. వదినగారి చిన్న తమ్ముడి పేరు కింద 'అలక: ఎక్కువ' అని రంగుల్లో వెలిగింది.

ఆయన పెళ్లికి వచ్చారు. నాతో తప్ప అందరితో మాట్లాడి, భోంచేసి వెళ్లారు. ఆ రాత్రే డీటీడీ తెరిచి 'శాశ్వతం' అనే నాలుగో విలువ చేర్చాను.