చలనచిత్ర భద్రత శాఖ, పర్లాకిమిడి బ్రాంచి

సరిహద్దు జిల్లాల్లో ఉన్న ప్రతి తెలుగింట్లో ఒక సినిమా సర్వర్, అంటే సినిమాలన్నీ దాచి టీవీకి పంపే కంప్యూటర్, ఉండి తీరాలి, దీని మీద ఇంక చర్చ అక్కర్లేదు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, సర్వర్, ఈ మూడూ లేని కుటుంబాన్ని అసలు కుటుంబంగానే గుర్తించకూడదని నా అభిప్రాయం. గిడుగు రామమూర్తి గారు 1880లో మాస్టారుగా చేరిన ఊరి నుంచి రాస్తున్నా కాబట్టి భాష ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంటది, విషయం మాత్రం చాలా సీరియస్సు.

కారణం చెప్తా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడింది, గీత గీసేశారు, మేం ఇటు ఒరిస్సాలో పడ్డాం, పాతపట్నం అటు పడింది. అటున్నోళ్ళకి బళ్ళో తెలుగు, బస్సు బోర్డు మీద తెలుగు, కరెంటు బిల్లు మీద కూడా తెలుగే, ఇటు మా పిల్లలకి బళ్ళో ఒడియా, ట్యూషన్లో ఇంగ్లీషు, క్రికెట్ ఆడేచోట హిందీ, మరి తెలుగెక్కడ నేర్చుకుంటారయ్యా అంటే ఇంట్లో అమ్మ పెట్టే చివాట్లలో కొంత, మిగతాదంతా సినిమాల్లో. అంటే సినిమా పోతే మా తెలుగు పోయినట్టే కదా. ఈ ముక్క మా బావకి ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర తట్టింది, తెల్లారేసరికి ఇంట్లో శాఖ వెలిసింది.

అన్నీ ఓటీటీలో ఉన్నాయి కదా అనే అమాయకులు కొందరున్నారు, వాళ్ళని చూస్తే జాలేస్తది. ఓటీటీలో సినిమా ఉండేది హక్కుల గడువు ఉన్నన్నాళ్ళే, గడువు తీరిందా, నిన్న సగం చూసి ఆపిన సినిమా ఇవాళ వెతికితే దాని పేరే ఎప్పుడూ విననట్టు నటిస్తది. మన మొదటి మూకీ భీష్మ ప్రతిజ్ఞ, 1921లో రఘుపతి వెంకయ్య గారూ వాళ్ళబ్బాయి ప్రకాష్ గారూ తీసింది, ఇవాళ చూద్దామంటే ప్రింటే లేదు. పూణేలో 1964 నుంచి నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, మంచిదే, కానీ 2003లో అక్కడ నైట్రేట్ ఫిల్ములు దాచిన గదికి నిప్పంటుకుని ఎన్నో పాత రీళ్ళు కాలిపోయాయి. ఇవన్నీ చెప్పి బావ, "సర్కారు మీద వదిలేస్తే ఇలాగే ఉంటది, మనమే ఏదో ఒకటి చెయ్యాల" అన్నాడు. అక్క వెంటనే, "నిప్పంటుకోడం అంటే గుర్తొచ్చింది, గ్యాస్ బుక్ చెయ్యమని మూడ్రోజుల్నుంచి చెప్తన్నానండీ" అంది. ఆ అర్జీ ఇంకా పెండింగులోనే ఉంది.

ముందు సరుకు సేకరణ విభాగం గురించి చెప్పాలి. శాఖ దగ్గర ఉన్న సినిమాలన్నీ సొంత డిస్కుల నుంచి ఎక్కించుకున్నవేనని అధికారికంగా చెప్పమన్నారు, చెప్పేశాను. నిజంగానే మోజర్ బేర్ వాళ్ళు 28 రూపాయలకి వీసీడీ, 34కి డీవీడీ అమ్మిన రోజుల్లో బావ అట్టపెట్టెల కొద్దీ కొన్నాడు, ఆ పెట్టెలు అటక మీద ఉన్నాయి, అందులో సగం డిస్కులు ఇప్పుడు అద్దంలా మొహం చూసుకోడానికే పనికొస్తాయి. మిగతా సగం సంగతి మీరడక్కండి, నేను చెప్పను.

కంప్యూటర్ కొనడానికి బెర్హంపూర్లో కొట్లు ఉన్నాయి, విశాఖలో ఇంకా ఉన్నాయి, బావ మాత్రం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్ళాడు, ఎందుకంటే శాఖాపరమైన కొనుగోళ్ళకి కనీసం మూడు కొటేషన్లు ఉండాలంట. ఆరు వాట్ల ప్రాసెసర్ చిన్నది ఒకటి చాలు దీనికి, అది సినిమా ప్లే చేస్తూ ఇంకో ఫార్మాట్లోకి మార్చి టీవీకి పంపగలదు, ఇంటెల్ చిప్పుల్లో ఆ పని కోసమే 2011 నుంచి క్విక్ సింక్ అని విడిగా ఒక భాగం ఉంది. కొట్టువాడు నిజాయితీగా ఇదే చెప్పాడు పాపం. కానీ చిన్న ప్రాసెసర్ పెట్టిన శాఖని ఎవరు గౌరవిస్తారు? అందుకని పెద్ద బోర్డు, పెద్ద క్యాబినెట్, ఎనిమిది హార్డ్ డిస్కులు పట్టే బేలు, అంటే అరలు, లోపల రంగురంగుల లైట్లు వెలిగే ఫ్యాన్లు వచ్చాయి. సినిమా చూసేటప్పుడు గదిలో లైట్లు ఆర్పుతాం, ఈ ఫ్యాన్ల లైట్లు ఆరవు, కాబట్టి క్యాబినెట్ మీద అక్క పాత చీర కప్పాం, చీర కప్పితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి, ఫ్యాన్లు గట్టిగా తిరిగితే డైలాగులు వినపడవు. డైలాగుల కోసమే కదా పెట్టింది అని నేను అనలేదు, పక్కింటాయన అన్నాడు.

ఇంక లెక్కలు. ఎనిమిది టీబీ డిస్కు కొని తగిలిస్తే విండోస్‌లో 7.27 చూపిస్తది. తయారీవాడు వెయ్యితో లెక్కేస్తాడు, కంప్యూటర్ 1024తో లెక్కేస్తది, ఇద్దరూ కరెక్టే, తేడా మాత్రం మనకి. బావ ఈ విషయంలో రెండ్రోజులు కొట్టువాడికి ఫోన్లు చేసి మిగతా డెబ్భై మూడు పాయింట్లు ఎప్పుడు పంపుతారని అడిగాడు. ఒక ఫుల్ హెచ్‌డీ సినిమా ఎనిమిది జీబీ అనుకుందాం, ఎనిమిది టీబీలో వెయ్యి పడతాయి, రోజుకొకటి ఒక్కరోజు కూడా మానకుండా చూస్తే రెండేళ్ళ తొమ్మిది నెలలు. ఇలాంటి డిస్కులు నాలుగు పెట్టి, నాలుగింటినీ ఒకటిగా కలిపే రెయిడ్ 5 చేశాడు, అంటే ఒక డిస్కంత చోటు రక్షణకి పోయి మూడింటి చోటు మిగులుద్ది, నాలుగింట్లో ఏ ఒక్కటి చచ్చినా సినిమాలు బతికే ఉంటాయి. మూడు వేల సినిమాలు, ఎనిమిదేళ్ళ పైన. దేశంలో పంచవర్ష ప్రణాళికలే 2017తో ఆగిపోయాయి, మా ఇంట్లో మాత్రం ఎనిమిదేళ్ళ ప్రణాళిక నడుస్తోంది.

అయితే రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున డిలీట్ కొడితే నాలుగు డిస్కుల్లోంచీ క్రమశిక్షణగా ఒకేసారి పోతుంది. కాబట్టి బ్యాకప్ కోసం ఇంకో నాలుగు డిస్కులు కావాలి, అవి ఇంకో ఇంట్లో ఉండాలి, అందుకని మా పెదనాన్న గారింట్లో ఉపశాఖ తెరిచే ప్రతిపాదన ఉంది. ఆయనకింకా తెలీదు.

అసలు పని, శాఖకి పేరు తెచ్చే పని, పేర్లు పెట్టడం. జెల్లీఫిన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, 2018లో ఎంబీ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు తమ ప్రోగ్రాం కోడు అందరికీ ఇవ్వడం మానేస్తే అందులోంచి విడిపోయి వచ్చింది, అది మన ఫైలు పేరు చూసి నెట్లోంచి పోస్టరు, నటీనటులు, కథ అన్నీ తెచ్చి అతికిస్తుంది. దేవదాసు అని పేరు పెట్టామనుకోండి, ఏ దేవదాసు? 1953దా, 1974దా, 2006దా? సంవత్సరం బ్రాకెట్లో రాయకపోతే నాగేశ్వర్రావు గారి సినిమాకి కుర్రాడి పోస్టరు తగిలిస్తది. మూడు వేల ఫైళ్ళు, ప్రతిదానికీ సంవత్సరం, ప్రతి పోస్టరూ సరిచూడ్డం, తప్పుంటే దిద్దడం, దిద్దాక లైబ్రరీ మళ్ళీ స్కాన్ చెయ్యడం. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి బావ మళ్ళీ ఆఫీసుకి కూర్చున్నట్టే. రాత్రి పదకొండుకి అక్క, "ఏవండీ, ఏదైనా సినిమా పెట్టండి" అంటే, "ఇప్పుడు కుదరదు, స్కానింగ్ అవుతోంది" అంటాడు. అక్క పక్క గదిలోకెళ్ళి పాత టీవీలో, మధ్యలో సబ్బుల యాడ్లతో సహా, అదే సినిమా చూసేస్తది, యాడ్ల టైములో కూరగాయలు కూడా తరిగేస్తది. ఈ సమర్థతని శాఖ పరిగణనలోకి తీసుకోవట్లేదు.

ఒక రోజు మాత్రం అన్నీ కుదిరి సినిమా మొదలైంది. బొమ్మ వచ్చింది, సౌండు రాలేదు, మా టీవీకి డీటీఎస్ అనే రకం ఆడియో పడదంట. అది సరిచేశాక సబ్‌టైటిల్స్ ఆన్ చేస్తే తెలుగు అక్షరాల బదులు వరసగా డబ్బాలు వచ్చాయి, ఫాంటు లేదంట. నాయనమ్మ ఆ డబ్బాలకేసి చాలాసేపు చూసి, "ఇది ఒడియానా?" అని అడిగింది. బళ్ళో ఒడియా చదివే మా మేనల్లుడు, "కాదు నానమ్మా, ఇది తెలుగే అయ్యుంటది" అన్నాడు. ఇద్దరికీ రెండు లిపులూ పూర్తిగా రావు కాబట్టి ఆ విషయం తేలలేదు.

కరెంటు సంగతి కూడా చెప్పేస్తా. ఈ శాఖ ఖాళీగా కూర్చుని నలభై వాట్లు తింటది, రోజంతా, నెలకి దాదాపు ఇరవై తొమ్మిది యూనిట్లు, ఎవరూ ఏమీ చూడకపోయినా. ఖాళీగా కూర్చున్నా జీతం ఆగకపోవడం శాఖల లక్షణమే కాబట్టి అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా తుపాన్లతో. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని చితక్కొట్టినప్పుడు స్తంభాలు పడిపోయి నెట్టు లేదు, సిగ్నల్ లేదు, ఓటీటీ నమ్ముకున్నోళ్ళంతా చీకట్లో కూర్చున్నారు. "అదే సొంత సర్వరుంటేనా" అని బావ ఇప్పటికీ ఉపన్యాసం ఇస్తాడు. సొంత సర్వరుంటే సినిమాలన్నీ నాలుగు డిస్కుల్లో భద్రంగా, చెక్కుచెదరకుండా, అదే చీకట్లో ఉండేవి. యూపీఎస్ ఉంది కదా అంటారు, ఉంది, అది సర్వరుని మర్యాదగా ఆపడానికి సరిపడా సేపు పనిచేస్తది, అందులో టైటిల్స్ వరకూ చూడొచ్చు.

ఇంత చేసింది పిల్లల తెలుగు కోసం అన్నాను కదా. మేనల్లుడు తెలుగు సినిమాలు బాగానే చూస్తున్నాడు. ఫోన్లో, హిందీ డబ్బింగులో. బళ్ళో ఫ్రెండ్సంతా అదే చూస్తారంట, డైలాగులు హిందీలో తెలీకపోతే పరువు పోతదంట. సర్వర్లో తెలుగులోనే ఉంది కదరా, ఇంకా క్లియర్‌గా ఉంటది కదా అంటే, "అందులో ఫార్వర్డ్ చేస్తే తిరుగుతా ఉంటది మావయ్యా" అన్నాడు. దీని మీద విచారణ సంఘం వెయ్యాలి.

ఇప్పుడు కొత్త సమస్య వచ్చిపడింది. సర్వరుందని చుట్టాలకి తెలిసిపోయింది. గుణుపురం చిన్నాన్న కూతురి పెళ్ళి వీడియో, డ్రోన్ తీసిందీ క్రేన్ మీంచి తీసిందీ కలిపి ఫోర్‌కేలో, మూడు రోజుల పెళ్ళి మొత్తం, మూడొందల జీబీ, "నీ దగ్గరైతే బద్రంగా ఉంటది బాబూ" అని పెన్‌డ్రైవుల సంచీ పట్టుకొచ్చారు. కాదంటే బాగోదు. రాయగడ మేనత్త వాళ్ళు గృహప్రవేశం తెచ్చారు. తర్వాత ఉపనయనాలు, ఓణీల ఫంక్షన్లు, రెండు రిటైర్మెంటు సన్మానాలు, ఒక సన్మానంలో నాలుగు గంటలు ఉపన్యాసాలే. వీటి కోసం చోటు చెయ్యడానికి శాఖ మొన్న సమావేశమై, బ్లాక్ అండ్ వైట్ సినిమాలు కొన్ని తాత్కాలికంగా తీసెయ్యాలని తీర్మానించింది, సమావేశంలో ఉన్నది బావ ఒక్కడే కాబట్టి ఏకగ్రీవం. విచిత్రమేంటంటే ఈ పెళ్ళి వీడియోలు మాత్రం జనం నిజంగా వచ్చి చూస్తున్నారు, ఆదివారం హాల్లో పదిమంది కూర్చుని ఎవరు లావెక్కారు, ఎవరి చీర ఎవరు కట్టుకొచ్చారు, ఎవరు అలిగి భోంచెయ్యకుండా వెళ్ళిపోయారు అని ఆపి ఆపి చూస్తున్నారు, అంతా చక్కటి తెలుగులో.

డిస్కులు నిండిపోతున్నాయి. క్యాబినెట్లో ఇంకా నాలుగు బేలు ఖాళీగా ఉన్నా బోర్డు మీద డిస్కులు తగిలించే సాటా పోర్టులు అయిపోయాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లో పెట్టుకునే సాటా కార్డు, కనీసం నాలుగు పోర్టులది, ఎవరి దగ్గరైనా వాడకుండా పడుంటే చెప్పండి, బావ బెర్హంపూర్ దాకా వచ్చి తీసుకుంటాడు, పర్లాకిమిడిలోనే అయితే సాయంత్రం వస్తాడు, మీ ఇంట్లో పెళ్ళి వీడియో ఏదైనా ఉంటే అది కూడా అప్పుడే ఇచ్చి పంపించొచ్చు, రసీదు ఇస్తాడు.