రేసు రుసుము ఎవరి పద్దులో?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఉమ్మడి అనంతపురం జిల్లా మోటారు పరిశ్రమ పటంలోకి ఎక్కింది. కొత్త కార్లు నింపుకొన్న ట్రైలర్లు 44వ నంబరు జాతీయ రహదారిపై బారులు తీరుతున్న చోట, బెంగళూరు విమానాశ్రయం అందుబాటులో ఉండగా, అంతర్జాతీయ రేసింగ్ ట్రాక్ కూడా వస్తే బాగుండునన్న ఆశ కలగడంలో వింత లేదు. అయితే ఆ వ్యాపారంలో లాభం ఎవరిదో, భారం ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

ఫార్ములా వన్ వంటి పోటీలకు ఆతిథ్యమిచ్చేవారు ఆ పోటీల వాణిజ్య హక్కులున్న హక్కుదారు సంస్థకు భారీ రుసుము చెల్లించాలి. టీవీ ప్రసారాల రాబడి, ట్రాక్ పక్కన వెలిసే ప్రకటనల సొమ్ము చాలావరకు ఆ సంస్థకే చేరతాయి. స్థానిక నిర్వాహకుడికి ప్రధానంగా దక్కేది టికెట్ల డబ్బే. ఆ లోటును పలు దేశాల్లో ప్రభుత్వాలే పూడుస్తున్నాయి. గ్రేటర్ నోయిడాలో జేపీ గ్రూపు సొంతంగా నిర్మించిన బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 దాకా మూడు పోటీలు జరిగాయి, మూడింటా సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. ఇది క్రీడా, వినోదమా అన్న పన్నుల పేచీ నడుమ ఆ పోటీ మళ్లీ రాలేదు. ఇక్కడి ఆదాయంపై హక్కుదారు సంస్థ పన్ను కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది 2017లో! 2023లో మోటారుసైకిళ్ల రేసు మోటోజీపీ అక్కడికి ఒక్కసారి వచ్చి వెళ్లింది.

హైదరాబాద్ అనుభవం మనకు ఇంకా దగ్గరిది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్లు పరుగులు తీశాయి. ఏడాది తిరిగేలోగా ప్రభుత్వం మారింది, రెండో పోటీ రద్దయింది. ఆ తర్వాత చెల్లింపుల వ్యవహారం ఏసీబీ కేసుగా మారింది. ఆ తప్పొప్పులు తేల్చవలసింది న్యాయస్థానమే. కానీ ఒప్పంద పత్రాలు మొదటే ప్రజల ముందుంటే ఇంత దుమారం రేగేది కాదు.

ప్రతిష్ఠ వద్దని మేము అనడం లేదు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) మైదానానికి వచ్చినప్పుడు ఈ ఊరి పేరు దేశమంతా వినబడింది. ఏడాది పొడవునా పల్లె పిల్లలు ఆడే మైదానం కనుక పెద్ద ఆటగాళ్లు వెళ్లిపోయాక దాని గేటుకు తాళం పడలేదు. ట్రాక్‌కూ ఇదే కొలబద్ద కావాలి. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులోని కరి ట్రాక్‌లు ఫార్ములా వన్ లేకుండానే జాతీయ పోటీలతో నిలదొక్కుకున్నాయి. ఆ కోవలో వాహనాల పరీక్షకు, డ్రైవర్ల శిక్షణకు పనికివచ్చే ట్రాక్‌ను ప్రతిపాదిస్తే మేము స్వాగతిస్తాం. అంతర్జాతీయ రేసే కావాలంటే మాత్రం, టికెట్లు అమ్ముడుపోని ఏడాది రుసుము ఎవరు కడతారో రాసి ఉన్న ఒప్పందాన్ని సంతకాలకు ముందే శాసనసభలో పెట్టాలి.