కాటా మీద కంప్యూటర్

మా మేనల్లుడు ఈ ఏడాది బీటెక్ సీఎస్‌ఈలో చేరాడు. చేరిన పదో రోజునే కంప్యూటర్ కావాలన్నాడు. దేనికిరా అని మా బావ అడిగితే "చదువుకోవడానికి" అన్నాడు. చదువుకునే కంప్యూటర్‌కీ, ఆడుకునే కంప్యూటర్‌కీ ముఖ్యమైన తేడా తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డేనన్న సంగతి ఆ రోజుకి మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ కార్డు లేకపోతే సీ భాషలో అందరూ మొట్టమొదట రాసే ప్రోగ్రాం తెర మీద 'హలో వరల్డ్' అని కూడా రాయలేదని వాడు చెప్పాడు. సాంకేతిక విషయం కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు.

యాభై వేలు మంజూరయ్యాయి. దగ్గరుండి కొనిపించే బాధ్యత నా మీద పడింది. ఇరవై ఏళ్లుగా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నవాణ్ణి మరి. కూర్చోవడమే తప్ప దాని లోపల ఏముంటుందో ఏనాడూ చూడలేదని నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

వాడు నోట్‌బుక్ చివరి పేజీలో లిస్టు రాసుకొచ్చాడు. ఐ3 12100ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యాములు రెండు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 450 వాట్స్ బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్, గాలాడేలా ముందు వైపు మెష్ ఉన్న మామూలు క్యాబినెట్. ఎక్కడా ఒక్క లైటు లేదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు రాసిన లిస్టులా లేదది, రిటైరైన ఆడిటర్ రాసినట్టుంది. ఇలాంటివి సరిదిద్దడానికే కదా ఇంట్లో పెద్దవాళ్లం ఉన్నది.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపుకి వెళ్లాం. పేరు అనవసరం. ముందుగా ప్రాసెసర్ చివర ఆ ఎఫ్ ఏమిటని అడిగాను. "ఫాస్ట్ సార్" అన్నాడు కౌంటర్ మీది అబ్బాయి. తృప్తిగా తలూపాను. ఆ ఎఫ్ ఉందంటే ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేనట్టనీ, విడిగా కార్డు పెట్టకపోతే మానిటర్ మీద బొమ్మే రాదనీ తర్వాతెప్పుడో తెలిసింది. మావాడికి మాత్రం ముందే తెలుసు. ఒకసారి ఆ ఎఫ్ కొనిపించాడంటే ఇక కార్డు కొనక చచ్చినా తప్పదు. వీడు ఇంజనీరింగ్‌కి వెళ్లి పొరపాటు చేశాడు, లా చదవాల్సింది. కార్డు వద్దనుకుంటే రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్ ఉంది. 2021 నాటిది, గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, వాలరెంట్ లాంటి తేలికపాటి ఆటలు దాని మీద హాయిగా నడుస్తాయి. ఆ పేరు వాడి నోట ఒక్కసారైనా రాలేదు.

ఇక కార్డు. ఇక్కడే నా అనుభవం అక్కరకొచ్చింది. వాడడిగిన దాంట్లో 8 జీబీ ఉంది, ధర చూస్తే గుండె ఆగింది. పక్కనే ఇంకో కార్డుంది, జీటీ 730. అందులో 4 జీబీ. ధర మాత్రం సగం కాదు, సగంలో సగం కూడా లేదు. జీబీ లెక్కన కట్టి చూస్తే ఏది చవకో చిన్నపిల్లవాడైనా చెప్తాడు. బియ్యం కేజీల్లో కొంటాం, పాలు లీటర్లలో కొంటాం, కంప్యూటర్ జీబీల్లో కొనాలి. ఇంతకంటే పారదర్శకమైన పద్ధతి నాకైతే తెలీదు. "మావయ్యా, అది 2014లో వచ్చింది" అన్నాడు వాడు, ఏడుపు ఒక్కటే తక్కువగా. అయితే ఏం, బియ్యమైనా పాతవే మేలు కదా అన్నాను. వాడు ఆ పూటకి మాట్లాడ్డం మానేశాడు, రాత్రికి అన్నం మానేశాడు. తెల్లారేసరికి మా అక్క 6600 మంజూరు చేసింది. నిపుణుల కమిటీలకి మన దేశంలో ఉన్న విలువ ఇంతే.

కార్డులో పోయింది ఇంకెక్కడో రావాలి కదా. ర్యాములు రెండెందుకు, ఒకటి కొను, రెండోది తర్వాత చూద్దాం అన్నాడు బావ. రెండుంటే డ్యుయల్ ఛానెల్లో పనిచేస్తాయట, మెమరీకి దారి వెడల్పవుతుందట. బందరు రోడ్డు వెడల్పు చేసినా ట్రాఫిక్ తగ్గిందా అని బావ అడిగాడు, వాడి దగ్గర జవాబు లేదు. మధ్యతరగతి ఇంట్లో 'తర్వాత' అన్న మాట ఎంత దూరం పోతుందో తెలిసినవాడు కాబట్టి మారు మాట్లాడకుండా ఒక్కటే తీసుకున్నాడు. ఎస్‌ఎస్‌డీ జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. ఫైళ్లన్నీ దాచుకునేది అందులోనేనని ఎవరికీ తెలియకపోవడం వల్ల అది బతికిపోయింది.

మిగిలింది ఎస్‌ఎంపీఎస్. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని మదర్‌బోర్డుకీ కార్డుకీ పనికొచ్చేలా మార్చి పంచే రేకు డబ్బా. వాడు రాసింది 450 వాట్స్ బ్రాంజ్. కార్డు 132 వాట్స్ తింటుంది, దానికి కంపెనీవాళ్లే 450 ఉండాలంటారు, బ్రాంజ్ ముద్ర ఉంటే సగం లోడు మీద 85 శాతం దాకా కరెంటు వృథా కాకుండా చేరుతుందని ఏదేదో చెప్పాడు. సరిగ్గా అప్పుడే షాపు అబ్బాయి ఒక మాటన్నాడు. "సార్, ఈ గేమింగ్ క్యాబినెట్ తీసుకుంటే ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ." తిప్పి చూశాను. దాని మీద కూడా 450 అనే ఉంది. అంకెకి అంకె సరిపోయింది. ఒకటి మూడు వేలు, ఇంకోటి ఊరికే. చదువుకున్నవాడు ఏది తీసుకుంటాడు?

ఆ క్యాబినెట్ గురించి కొంచెం చెప్పుకోవాలి. పక్కనా అద్దమే, ముందూ అద్దమే. లోపల ఆరు ఫ్యాన్లు, ఆరింటికీ లైట్లు. 1,67,77,216 రంగులు చూపిస్తుందట. దసరాకి ఇంద్రకీలాద్రి మీద కూడా అన్ని రంగులుండవు. ముందు అద్దం ఉంటే గాలి ఎటునుంచి వస్తుంది మావయ్యా, మే నెలలో మన బెజవాడలో మనుషులే ఉడికిపోతారు అన్నాడు వాడు. ఆరు ఫ్యాన్లున్నాయి కదరా అన్నాను. గాలి లేని చోట ఫ్యాన్లు ఏం చేస్తాయన్నది ఫిజిక్సు ప్రశ్న. మనం వెళ్లింది కంప్యూటర్ల షాపుకి.

బిల్లు దగ్గర చిన్న చర్చ జరిగింది. "బిల్లు కావాలా సార్?" అని ఆ అబ్బాయి ఎంత మర్యాదగా అడిగాడంటే, కావాలనడం నాకే మోటుగా అనిపించింది. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ తగ్గుతుంది. దాంతోపాటు వారంటీ నూటికి నూరు శాతం తగ్గుతుందని మావాడు చెవిలో చెప్పాడు. బిల్లు తీసుకున్నాం. మొత్తం వ్యవహారంలో నా అంతట నేను చేసిన మంచి పని అదొక్కటే, అదీ వాడు చెబితే. ఇంటికొచ్చాక బావ స్నేహితుడొకాయన ఫోన్ చేసి, సికింద్రాబాద్‌లో కంప్యూటర్లమ్మే సీటీసీకి వెళ్లుంటే రెండు వేలు తగ్గేదన్నాడు. రానూపోనూ ఛార్జీలు, మధ్యలో ఇద్దరికి భోజనం ఆయన లెక్కలో లేవు.

మూడు వారాలు కంప్యూటర్ బ్రహ్మాండంగా వెలిగింది. వెలగడమంటే అక్షరాలా వెలగడమే, చూడ్డానికి వీధిలో పిల్లలందరూ వచ్చారు. ఒక రాత్రి మావాడు ఏదో ఆటలో, అంటే చదువులో, మునిగి ఉండగా టప్‌మని చప్పుడు. గదంతా కమురు వాసన. పోపు మాడిందనుకుని మా అక్క వంటింట్లోకి పరిగెత్తింది. అదృష్టం బాగుండి బోర్డూ కార్డూ బతికాయి, డబ్బా పోయింది. షాపుకి తీసుకెళ్తే, ఫ్రీ ఐటమ్‌కి వారంటీ ఉండదు సార్ అన్నాడు ఆ అబ్బాయి, అదే మర్యాదతో.

అప్పుడు మా బాబాయి వచ్చాడు. ఆటోనగర్‌లో ముప్పై అయిదేళ్లుగా లారీలకి వైరింగ్ చేస్తున్న మనిషి. జన్మలో కంప్యూటర్ ముట్టుకోలేదు, అందుకే కొనేటప్పుడు ఆయన్ని పిలవాలని ఎవరికీ తోచలేదు. కాలిపోయిన డబ్బాని ఒక్క చేత్తో పైకెత్తి, రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఇందులో రాగి ఉందా, గాలి ఉందా?"

"బ్రాంజ్‌దే అడిగాను చిన్నతాతయ్యా" అన్నాడు మావాడు, నా వైపు చూడకుండా.

"లారీకి మూడొందల లైట్లు కట్టించుకుంటాడు ఓనరు. డైనమో దగ్గరికొచ్చేసరికి పాతది వేసెయ్ అంటాడు. మళ్లీ సూర్యాపేట దాటాక ఫోన్ చేస్తాడు" అన్నాడాయన, ఎవర్నీ ఉద్దేశించకుండా.

మర్నాడు తాతా మనవడూ ఇద్దరే వెళ్లారు. నన్ను రమ్మనలేదు. బ్రాంజ్‌ది తెచ్చారు. బాబాయి దుకాణంలో నాలుగు డబ్బాలు తెరిపించి, ఒక్కోటీ చేతిలో తూచి మరీ చూశాడట. బరువు బట్టి అంతా తెలిసిపోదు తాతయ్యా అని మావాడు చెప్తున్నా వినలేదట. ఎంతైనా మా వంశం, కాటా లేకుండా ఏదీ కొనం. వస్తూ వస్తూ రెండో ర్యాము కూడా తెచ్చారు. అందుకు డబ్బులు ఎక్కడివని మా బావ ఇంతవరకు అడగలేదు, నేను చెప్పలేదు.

కాలిపోయిన ఫ్రీ డబ్బాని మా అక్క పారేయనివ్వలేదు. బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. కృష్ణ మీదనుంచి గాలి కాస్త గట్టిగా వీస్తే తలుపుతోపాటు అది కూడా జరిగిపోతోంది.