బీఫారం లేని దేశంలో పార్టీ పోరు

2024 డిసెంబరు చివరి వారం. డొనాల్డ్ ట్రంప్ రెండోసారి గెలిచారు గానీ ఇంకా ప్రమాణస్వీకారం చేయలేదు. చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను కృత్రిమ మేధ విధానాల సలహాదారుగా ప్రకటించగానే ట్రంప్ వీరాభిమాని లారా లూమర్ సోషల్ మీడియాలో విరుచుకుపడ్డారు. గ్రీన్‌కార్డుల్లో దేశాలవారీ పరిమితి ఎత్తేస్తే మంచిదని ఆయన అంతకుముందు పెట్టిన పోస్టును బయటికి లాగారు. అక్కణ్నుంచి గొడవ విదేశీ నిపుణులకు ఇచ్చే హెచ్1బీ వీసాల మీదికి మళ్లింది. ఎలాన్ మస్క్, వివేక్ రామస్వామి వీసాల పక్షాన నిలబడ్డారు. అమెరికన్ సమాజం ప్రతిభ కంటే సగటుతనాన్నే నెత్తిన పెట్టుకుంటోందంటూ రామస్వామి రాసిన పోస్టు అగ్గికి ఆజ్యం పోసింది. ట్రంప్ మాజీ సలహాదారు స్టీవ్ బ్యానన్ ఈ వీసా పద్ధతే పెద్ద మోసమన్నారు. ఇంత రచ్చలో డెమొక్రాట్లు దాదాపు ప్రేక్షకులే. కొట్టుకున్నదంతా ఒకే పార్టీ వాళ్లు, ఒకే నాయకుణ్ని గెలిపించినవాళ్లు.

ఆ తర్వాత ఏడాదిలోపు ట్రంప్ ఏం చేశారో వరసగా చూడండి. డిసెంబరు 28న ఆ వీసాలంటే తనకెప్పుడూ ఇష్టమేనని ఒక పత్రికతో చెప్పారు. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ సంతకం పెట్టారు. నవంబరు 11న ఫాక్స్ న్యూస్‌లో యాంకర్ లారా ఇంగ్రహామ్ అమెరికాలో ప్రతిభావంతులకు కొదవేముందని అడిగితే, కొన్ని నైపుణ్యాలు అమెరికన్ల దగ్గర లేవని ఆమె ముఖం మీదే అన్నారు. సొంత అభిమానులే మండిపడ్డారు. కొద్ది రోజుల్లోనే రిపబ్లికన్ ప్రతినిధి మార్జరీ టేలర్ గ్రీన్ హెచ్1బీని దాదాపుగా రద్దు చేసే బిల్లు తెస్తానని ప్రకటించారు.

ఆయనకు మాట నిలకడ లేదని సరిపెట్టుకుంటే అసలు సంగతి మన చేతికి చిక్కదు. ఆయన వెనక రెండు వర్గాలున్నాయి. మస్క్ లాంటివాళ్ల వర్గం దగ్గర డబ్బు ఉంది, బ్యానన్ లాంటివాళ్ల వర్గం దగ్గర ఓట్లున్నాయి. ఏ వారం ఎవరిది పైచేయి అయితే విధానం అటు వంగుతోంది. ఆ లాగులాటలో నలిగేది మాత్రం మనవాళ్లు. సెప్టెంబరు 19న ట్రంప్ సంతకం పెట్టేసరికి హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటింది. ఆ రుసుము ఏటా కట్టాలని వాణిజ్య మంత్రి హోవార్డ్ లట్నిక్ చెప్పారు. 21వ తేదీలోగా అమెరికా గడ్డ మీద ఉండాలంటూ కంపెనీలు ఉద్యోగులకు మెయిళ్లు పంపాయి. సెలవు మీద ఇంటికి వచ్చినవాళ్లు ఉన్నపళంగా టికెట్ల కోసం పరుగులు తీశారు. ఇండియాకు బయల్దేరాల్సినవాళ్లు విమానం ఎక్కి కూడా దిగిపోయారు. మర్నాడు వైట్‌హౌస్ తీరిగ్గా వివరణ ఇచ్చింది: ఒక్కసారి కడితే చాలు, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు సంబంధం లేదని. ఆమోదం పొందే హెచ్1బీల్లో 70 శాతానికి పైగా భారతీయులవే కాబట్టి, ఆ రెండు రోజుల టెన్షన్ ఎక్కువగా ఎవరి ఇళ్లలో గడిచిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటిది జరిగినప్పుడల్లా మన ఇళ్లలో, టీవీ చర్చల్లో ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: మనకు మంచిది రిపబ్లికన్లా, డెమొక్రాట్లా? ఆ ప్రశ్నే తప్పు అని నా వాదన. మనల్ని నేరుగా తాకే విషయాల్లో గీత రెండు పార్టీల మధ్య లేదు. రెండు పార్టీల్నీ నిలువునా చీలుస్తూ పోతోంది.

గ్రీన్‌కార్డు బిల్లు కథే తీసుకుందాం. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చేవి సుమారు లక్షా నలభై వేల గ్రీన్‌కార్డులు. ఏ దేశానికైనా 7 శాతం మించకూడదని 1990 నాటి చట్టం. ఆ నిబంధన వల్లే మనవాళ్లు ఏళ్ల తరబడి క్యూలో ఉండిపోయారు, చిన్నప్పుడు తీసుకెళ్లిన పిల్లలు 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ కోల్పోతున్నారు. ఆ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో గెలిచింది. రెండు పార్టీలూ కలిస్తే తప్ప అన్ని ఓట్లు రావు. సెనేట్‌లో దాన్ని భుజాన వేసుకున్నది యూటాకు చెందిన కరడుగట్టిన కన్జర్వేటివ్, రిపబ్లికన్ మైక్ లీ. ఆయనతో చేయి కలిపినవాళ్లలో కమలా హారిస్ ఉన్నారు. అడ్డుపడ్డవాళ్లెవరు? విదేశీ నర్సులకు గ్రీన్‌కార్డుల్లో వాటా తేల్చమంటూ రిపబ్లికన్ ర్యాండ్ పాల్. మొత్తం గ్రీన్‌కార్డుల సంఖ్య పెంచకుండా ఒకరి వాటా ఇంకొకరికి ఇస్తే ఎలాగంటూ డెమొక్రాట్ డిక్ డర్బిన్. వాళ్లతో రాజీ కుదిరాక ఫ్లోరిడా రిపబ్లికన్ రిక్ స్కాట్. చివరికి 2020 డిసెంబరులో సెనేట్ కూడా ఆమోదించింది గానీ, అప్పటికి బిల్లు రూపం మారిపోయింది. రెండు సభల ప్రతులు కలవకుండానే ఆ కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, గడువు తీరింది, బిల్లు మురిగిపోయింది. ఈ కథలో మనకు శత్రువైన పార్టీ ఏది, మిత్రుడైన పార్టీ ఏది?

హెచ్1బీ నిబంధనలు బిగించాలని ఏళ్లుగా పట్టుబడుతున్న జంట కూడా ఇలాంటిదే: అయోవా రిపబ్లికన్ చక్ గ్రాస్లీ, అదే డర్బిన్. ఆ వీసాలు తక్కువ జీతాలకు మనుషుల్ని తెచ్చుకునే దారి అని వామపక్ష సెనేటర్ బెర్నీ శాండర్స్ అంటే, బ్యానన్ కూడా ఇంచుమించు అదే అంటాడు. ఒకరు కార్మికుల పక్షాన, ఇంకొకరు జాతీయవాదం పేరుతో. వీసా క్యూలో నిలబడ్డవాడికి ఆ తేడా ఏమీ తెలియదు.

ఇన్ని వర్గాలు ఒకే పార్టీలో ఎలా ఇమిడాయి అన్నది మనకు వింతగా తోస్తుంది. ఎందుకంటే మన దగ్గర పార్టీ అంటే బీఫారం. అధినేత సంతకంతో ఆ కాగితం చేతికొస్తేనే అభ్యర్థి, రాకపోతే రెబెల్. గెలిచాక విప్ ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వానికే ఎసరు. అమెరికాలో ఈ రెండూ లేవు. అభ్యర్థిని తేల్చేది ప్రైమరీ, అంటే పార్టీ తరఫున జరిగే తొలి ఎన్నిక. అందులో ఓటేసేది మామూలు ఓటర్లు. పార్టీ పెద్దలు ఎవరికి టికెట్ ఇవ్వాలనుకున్నా, ఎవరికి ఎగ్గొట్టాలనుకున్నా చివరి మాట వాళ్లది కాదు.

పైగా ప్రైమరీలకు వచ్చే జనం చాలా తక్కువ. 2018 జూన్‌లో న్యూయార్క్‌లో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ డెమొక్రాట్ల అగ్రనాయకుల్లో ఒకరైన జో క్రౌలీని ఓడించిన ప్రైమరీలో పడిన ఓట్లు మొత్తం 30 వేలు కూడా లేవు. సుమారు ఏడు లక్షల జనాభా ఉన్న నియోజకవర్గం అది. అంతకు నాలుగేళ్ల ముందు రిపబ్లికన్ల సభా నాయకుడు ఎరిక్ కాంటర్ వర్జీనియాలో పెద్దగా ఎవరికీ తెలియని ఒక ప్రొఫెసర్ చేతిలో ఇలాగే ఓడిపోయారు. 2021లో ట్రంప్ అభిశంసనకు ఓటేసిన పదిమంది రిపబ్లికన్ ప్రతినిధుల్లో 2022 ఎన్నికల తర్వాత సభకు తిరిగొచ్చింది ఇద్దరే. నలుగురు పోటీయే చేయలేదు, నలుగురు ప్రైమరీల్లో ఓడారు. మాజీ ఉపాధ్యక్షుడి కూతురు లిజ్ చేనీ కూడా ఆ ఓడినవాళ్లలో ఒకరు.

అందుకే అక్కడి సభ్యుడికి ప్రత్యర్థి పార్టీ కంటే సొంత పార్టీ ప్రైమరీ అంటేనే ఎక్కువ భయం. విప్ ధిక్కరిస్తే పదవి పోతుందన్న చట్టం లేకపోయినా రిపబ్లికన్లు ట్రంప్ వెంట కదిలేది ఆ భయంతోనే. 2025 జూన్ చివర్లో ఆయన పన్నుల బిల్లుకు నార్త్ కరొలైనా సెనేటర్ థామ్ టిల్లిస్ అడ్డం తిరిగారు. ప్రైమరీలో పోటీ పెట్టిస్తానని ట్రంప్ బెదిరించారు. మర్నాడే టిల్లిస్ ఇక పోటీ చేయనని ప్రకటించేశారు. ఆ బిల్లు సెనేట్‌లో 51-50తో, ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కింది.

అయితే రిపబ్లికన్ పార్టీ అంటే ట్రంప్ ఒక్కరే, అందులో చీలికలేముంటాయి అనేవాళ్లు 2025 నవంబరును ఒకసారి గుర్తుచేసుకోవాలి. బాలికలపై లైంగిక నేరాల్లో చిక్కిన సంపన్నుడు జెఫ్రీ ఎప్‌స్టీన్ కేసు ఫైళ్లను, ట్రంప్‌కు ఇష్టం లేకపోయినా, బయటపెట్టాలని కెంటకీ రిపబ్లికన్ థామస్ మాసీ, కాలిఫోర్నియా డెమొక్రాట్ రో ఖన్నా కలిసి సభలో ఒక పిటిషన్ పెట్టారు. 218 సంతకాలు పడితే స్పీకర్ ఇష్టంతో పని లేకుండా బిల్లు ఓటింగుకు వస్తుంది. డెమొక్రాట్లంతా సంతకం చేశారు. రిపబ్లికన్లలో నలుగురే చేశారు: మాసీ, గ్రీన్, లోరెన్ బోబర్ట్, నాన్సీ మేస్. ఒక్క సంతకం తగ్గింది. ఆ ఒక్కటీ అరిజోనా నుంచి సెప్టెంబరు 23న ఉప ఎన్నికలో గెలిచిన అడెలిటా గ్రిహాల్వా చేతిలో ఉంది. ఆమెతో ప్రమాణం చేయించకుండా స్పీకర్ మైక్ జాన్సన్ ఏడు వారాలు నెట్టుకొచ్చారు. సంతకం వెనక్కి తీసుకునేలా బోబర్ట్‌ను ఒప్పించడానికి ఆమెను వైట్‌హౌస్‌లోని సిచ్యువేషన్ రూమ్‌కు పిలిపించారు. యుద్ధ నిర్ణయాలు తీసుకునే గది అది. ఆమె లొంగలేదు. నవంబరు 12న గ్రిహాల్వా ప్రమాణం చేసి, ఆ వెంటనే వెళ్లి 218వ సంతకం పెట్టారు.

ఇక ఆపలేమని తేలాక ట్రంప్ తనవాళ్లను అనుకూలంగా ఓటేయమన్నారు. 427-1తో బిల్లు నెగ్గింది. కానీ ఆ లోపే గ్రీన్‌ను ద్రోహి అని మద్దతు ఉపసంహరించుకున్నారు. వారం తిరక్కుండా ఆమె పదవికి రాజీనామా ప్రకటించారు. వీసాల విషయంలో ఆమెతో నాకు ఏ ఏకీభావమూ లేదు. అయినా ఎప్‌స్టీన్ బాధితుల పక్షాన ఆ సంతకం మీద నిలబడినందుకు గౌరవిస్తాను. ఈ ఒక్క మనిషిలోనే చూడండి: ఒక విషయంలో మనకు బద్ధవ్యతిరేకి, ఇంకో విషయంలో డెమొక్రాట్లతో భుజం కలిపిన మనిషి.

డెమొక్రాట్ల ఇల్లు ఇంతకంటే చక్కగా ఏమీ లేదు. ఆరోగ్య బీమా సబ్సిడీలు పొడిగించాలంటూ 2025 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వ వ్యయ బిల్లును అడ్డుకున్నారు. 43 రోజులు ప్రభుత్వం మూతపడింది, అప్పటిదాకా అమెరికా చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ. చివరికి డెమొక్రాట్ల పక్షంలోని ఎనిమిది మంది సెనేటర్లు సబ్సిడీలు చేతికి రాకుండానే రిపబ్లికన్లతో రాజీ పడ్డారు. ఆ ఎనిమిది మందిలో ఒక్కరికీ 2026లో ఎన్నిక లేదు, ఇద్దరు రిటైరవుతున్నారు. వాళ్లలో న్యూహాంప్‌షైర్ సెనేటర్ జీన్ షహీన్ రాజీ కుదిర్చినవాళ్లలో ముఖ్యురాలు. ఆమె కూతురు స్టెఫనీ అప్పటికే ప్రతినిధుల సభకు అభ్యర్థి. తల్లి కుదిర్చిన ఒప్పందాన్ని తాను సమర్థించలేనని కూతురు బహిరంగంగానే చెప్పింది. రిటైరవుతున్న తల్లికి ఇక ప్రైమరీ లేదు, కూతురికి ఉంది.

ఆ రాజీకి ముందు వారమే, నవంబరు 4న, న్యూయార్క్ మేయర్‌గా సోషలిస్టు జొహ్రాన్ మమ్దానీ గెలిచారు. అదే రోజు వర్జీనియాలో మాజీ సీఐఏ అధికారి అబిగెయిల్ స్పాన్‌బర్గర్, న్యూజెర్సీలో మాజీ నేవీ పైలట్ మైకీ షెరిల్ గవర్నర్లుగా గెలిచారు. ఇద్దరూ మధ్యేవాదులే. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచింది కూడా ఆ రోజే. న్యూయార్క్‌కే చెందిన, సెనేట్‌లో డెమొక్రాట్ల నాయకుడు చక్ షూమర్ మాత్రం మమ్దానీకి మద్దతిస్తున్నానన్న మాట పోలింగ్ ముగిసేదాకా నోట రానివ్వలేదు. ఆ ఫలితాలతో పార్టీ వామపక్షానిదని ఒకరు, మధ్యేవాదులదని ఇంకొకరు చెప్పుకుంటున్నారు. నా ఉద్దేశంలో ఇద్దరి మాటా సగమే నిజం. ఏ ఊరి ప్రైమరీ ఆ ఊరిది.

ఇక మన సంగతి. ఉపాధ్యక్షుడి భార్య ఉషా చిలుకూరి మూలాలు ఆంధ్రలో ఉన్నాయని తెలియగానే మన పత్రికలు వాన్స్‌ను ఆంధ్రా అల్లుడని రాశాయి. ఆ ఆనందాన్ని తప్పుపట్టను. కానీ ఆయనే 2025 జులైలో, ఒకవైపు అమెరికన్లను తీసేస్తూ మరోవైపు విదేశీ వీసాలకు దరఖాస్తు చేసే కంపెనీల మీద విరుచుకుపడ్డారు. ఆయన మాట్లాడేది ఒహాయో ఓటరుతో, రేపటి ప్రైమరీ ఓటరుతో. చుట్టరికం ఆ లెక్కలోకి రాదు.

అమెరికాలో మన సంఘాలు ఎవరు అధ్యక్షుడైతే వాళ్ల మనుషులతో వేదిక పంచుకుంటాయి. విందులు, శాలువాలు, ఫొటోలు. ఇన్నేళ్ల ఆ పరిచయాలు 7 శాతం పరిమితిని ఒక్క అంగుళం కదిలించలేకపోయాయి. ఆ శ్రమలో సగం ప్రైమరీల మీద పెడితే ఫలితం వేరుగా ఉంటుంది. టెక్సస్‌లో, జార్జియాలో ఓటరు ఏ పార్టీవాడో ముందుగా నమోదు చేసుకునే పద్ధతే లేదు, ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలట్ కావాలో అడిగి తీసుకోవచ్చు. నార్త్ కరొలైనాలో, న్యూజెర్సీలో ఏ పార్టీలో నమోదు కాని ఓటరుకూ దారి ఉంది. ఫ్రిస్కో, కమింగ్, కేరీ, ఎడిసన్... మనవాళ్లు గుంపుగా ఉన్న ఈ ఊళ్లు ఆ నాలుగు రాష్ట్రాల్లోనివే. అక్కడ పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లు ప్రైమరీకి ముందే రెండు పార్టీల అభ్యర్థుల్నీ ఒకే హాలుకు పిలవాలి. దేశాలవారీ పరిమితి ఎత్తేయడానికి ఓటేస్తారా, లేదా అని సూటిగా అడగాలి. వాళ్లు చెప్పిన జవాబును రాసుకుని, అదే ఊళ్లో ఇంకా వీసా క్యూలో ఉన్న కుటుంబాల తరఫున ఓటేయాలి.