శిక్ష పెంచితే చాలు, చట్టం దానంతటదే నడుస్తుందా?

వాట్సాప్‌లో చేతులు మారుతున్న ఒక పోస్టు సారాంశం ఇది: "శిక్ష కఠినంగా ఉంటే ఏ చట్టమైనా అమలవుతుంది. సమాజం, సంస్కృతి అనేవి చేతగాని ప్రభుత్వాల సాకులు." అందులోని వాదనలను ఒక్కొక్కటిగా చూద్దాం.

"ఉరి వేస్తే దొంగతనాలు ఆగిపోతాయి."

ఇంగ్లండు ఈ పని చేసి చూసింది. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ ఉరి పడే నేరాలు రెండు వందలకు పైనే. ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు కాజేసినా ఉరే. కానీ సొత్తు విలువ తేల్చేది జ్యూరీ, అంటే కోర్టులో కూర్చుని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం. దొంగతనం జరిగిందని ఒప్పుకుంటూనే, ఖరీదు మాత్రం 39 షిల్లింగులని తేల్చేవారు. ఆ ఒక్క షిల్లింగు తగ్గితే మనిషి ప్రాణం నిలిచేది. 1827లో ఆ హద్దును 5 పౌండ్లకు, అంటే 100 షిల్లింగులకు పెంచారు. జ్యూరీలు కూడా తాపీగా 99 షిల్లింగులకు వచ్చాయి! 1830లో ఫోర్జరీకి ఉరి తీసేయమని పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నది ఎవరో కాదు, బ్యాంకర్లే. దయ పుట్టి కాదు. ఉరి ఉన్నంతకాలం శిక్ష వేయడానికి జ్యూరీకి చేతులు రావడం లేదు, ఫోర్జరీ చేసినవాడు దర్జాగా బయటికొస్తున్నాడు.

చట్టం కాగితం మీంచి కదలాలంటే ఫిర్యాదు చేసేవాడు, సాక్షి, పోలీసు, తీర్పరి అందరూ తలో చెయ్యి వేయాలి. వీళ్లెవరూ ఆకాశం నుంచి ఊడిపడరు. శిక్ష మరీ ఎక్కువనిపిస్తే ముందు జారుకునేది వీళ్లే.

"అధికారులు గట్టిగా నిలబడితే చాలు."

ఎంతమంది నిలబడాలి? అమెరికాలో 1920 జనవరిలో మద్యనిషేధం మొదలైనప్పుడు దేశం మొత్తానికి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఏజెంట్లు సుమారు 1,500 మంది. మిగతా బరువంతా రాష్ట్రాల పోలీసులే మోయాలి. మేరీలాండ్ అసలు అమలు చట్టమే చేయలేదు. న్యూయార్క్ చేసి, 1923లో రద్దు చేసుకుంది. 1929లో గరిష్ఠ శిక్షను 5 ఏళ్ల జైలు, 10,000 డాలర్ల జరిమానాకు పెంచారు. 1933 డిసెంబరులో నిషేధమే పోయింది.

"83 శాతం మంది వద్దన్నా స్వీడన్ చేసి చూపించింది కదా!"

నిజమే. ఎడమ వైపు నడిచే వాహనాలను కుడికి మార్చడాన్ని 1955 రెఫరెండంలో (ప్రజల ఓటింగులో) దాదాపు 83 శాతం వ్యతిరేకించారు. అయినా 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున 5 గంటలకు దేశమంతా కుడికి మారింది. అయితే అక్కడ ఎదురుగా వచ్చే లారీయే పోలీసు. రూలు తప్పినవాడికే మొదటి దెబ్బ. పైగా ఏ వైపు నడపాలన్నది ఎవరి మతానికీ మర్యాదకీ సంబంధించిన విషయం కాదు. దీన్ని తెచ్చి కట్నానికో, తాగుడుకో అతికించలేం.

పోస్టులో ఒక సగం నిజం లేకపోలేదు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తల నుంచి పార్కింగ్ జరిమానాలు వసూలు చేసే దారి 2002 వరకూ లేదు. వీధులు అవే, రూల్స్ అవే. స్వీడన్, నార్వే వాళ్ల బాకీ సున్నా. మరికొన్ని దేశాల వాళ్లవి గుట్టలు. ఇంటి అలవాటు వెంటే వచ్చింది. ఆ ఏడాది చివర్లో, మూడుకు మించి బాకీలున్న కారు నంబరు ప్లేటు ఊడబీకే అధికారం నగరానికి వచ్చింది. అంతే, ఉల్లంఘనలు ఒక్కసారిగా పడిపోయాయి. అది చిన్న శిక్షే, కానీ తప్పించుకోలేనిది. దాన్ని వేయడానికి ఏ జ్యూరీ మనసూ కరగనక్కర్లేదు. పోస్టు రాసినవారు "కఠినం" అన్నచోట "ఖాయం" అని ఉంటే మాకు ఇంత పేచీ ఉండేది కాదు.